వద్దని చెప్పిన గవర్నరు

సావనీరుకు ఒక జీవితచరిత్ర వ్యాసం కావాలని విద్యార్థి సంఘం మిత్రులు నన్నడిగారు. ఎవరైనా గొప్పవాడి గురించి రాయండి సార్, చదివితే మాకు కాస్త ఉత్సాహం కలగాలి అన్నారు. గొప్పవాళ్ళ గురించి రాసేవాళ్ళకు కొదవ లేదు. గాంధీ, నెహ్రూ, సుభాష్ బోసు గురించి ఈ పుటల్లో ఏడాదికొకరు రాస్తూనే ఉన్నారు. నాకు మాత్రం, గొప్పవాడని గట్టిగా చెప్పలేని, అట్లా అని కొట్టి పారెయ్యడానికీ మనసొప్పని ఒక మనిషి గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. పేరు తెచ్చుకున్నది మాత్రం పరాయి దేశంలో. అదీ సైనిక పాలనలో, ఓటు అడగకుండా కూర్చున్న గవర్నరు గిరీలో.

ఆయన పేరు వైస్ అడ్మిరల్ సయ్యద్ మొహమ్మద్ అహసన్. పాకిస్తాన్ నౌకాదళానికి ప్రధాన సేనాపతిగా పనిచేసి, 1969 నుంచి 1971 మార్చి దాకా తూర్పు పాకిస్తాన్ కు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ కు, గవర్నరుగా ఉన్నాడు. బంగ్లాదేశ్ యుద్ధం గురించి మనవాళ్ళు చాలానే చదివి ఉంటారు. ఇందిరాగాంధీ, మానెక్ షా, నియాజీ పేర్లు చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ యుద్ధానికి ముందు, ఇంకా రక్తం పారకముందు, ఇది వద్దు, దీని ఫలితం ఘోరంగా ఉంటుందని పైవాళ్ళకు చెప్పిన ఒక గవర్నరు ఉన్నాడన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆ గవర్నరు మన ఊరివాడన్నది అంతకన్నా తక్కువమందికి తెలుసు.

అహసన్ 1920 డిసెంబరులో హైదరాబాదులో పుట్టాడు. అప్పటికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కి తొమ్మిదేళ్ళయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టి రెండేళ్ళు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ కట్టినదీ ఆ రోజుల్లోనే. సముద్రం చూడాలంటే రైలెక్కి ఒక రాత్రంతా ప్రయాణం చెయ్యాల్సిన ఊరు మనది. నీళ్ళంటే మనకు చెరువులే. అట్లాంటి ఊళ్ళో పుట్టిన కుర్రవాడు 1938లో, పద్దెనిమిదేళ్ళయినా పూర్తిగా నిండకముందే, రాయల్ ఇండియన్ నేవీలో చేరాడు. మరుసటి ఏడే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటిదాకా పట్టుమని పది ఓడలు కూడా లేని ఆ చిన్న నౌకాదళం యుద్ధంలో ఒక్కసారిగా పెరిగిపోయింది. దానితోపాటే ఈ కుర్ర ఆఫీసరూ పెరిగాడు. యుద్ధంలో చూపిన ధైర్యానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే బ్రిటిష్ పతకం అందుకున్నాడు. పాతికేళ్ళు నిండీ నిండని వయసుకు అది చిన్న విషయమేమీ కాదు.

1947లో లార్డ్ మౌంట్‌బాటెన్ చివరి వైస్రాయిగా ఢిల్లీకి వచ్చాడు. ఆయన స్వయంగా నౌకాదళపు మనిషి. ఆయన దగ్గర ఏ.డి.సి.గా ఉన్నవారిలో లెఫ్టినెంట్ అహసన్ ఒకడు. ఏ.డి.సి. ఉద్యోగమంటే దొరగారి వెనకాల నిలబడటం, వచ్చేవాళ్ళను లోపలికి పంపడం, పోయేవాళ్ళను సాగనంపడం. నోరు విప్పకుండా చరిత్రను చూసే ఉద్యోగమన్నమాట. దేశం రెండు ముక్కలవుతున్నప్పుడు ఆ గుమ్మం దగ్గర నిలబడి చూసినవాడు అహసన్. విభజన ఖాయమయ్యాక మౌంట్‌బాటెన్ ఆయన్ను మొహమ్మద్ అలీ జిన్నాకు ఏ.డి.సి.గా పంపించాడు. 1947 ఆగస్టు 7న వైస్రాయి డకోటా విమానంలో జిన్నా, ఆయన చెల్లెలు ఫాతిమా ఢిల్లీ విడిచి కరాచీకి వెళ్ళినప్పుడు అహసన్ వాళ్ళతోనే ఉన్నాడు. కరాచీలో గవర్నరు బంగళా మెట్లెక్కుతూ జిన్నా ఈ యువకుడి వైపు తిరిగి, తన జీవితకాలంలో పాకిస్తాన్ ను కళ్ళారా చూస్తానని ఎన్నడూ అనుకోలేదని చెప్పినట్టు చరిత్రకారులు రాశారు. ఒక దేశం పుట్టిన మొదటి వారంలో ఆ దేశపు పెద్ద తన మనసులో మాట చెప్పుకున్నది మన హైదరాబాదీతోనే!

ఏడాది తిరిగేసరికి 1948 సెప్టెంబరు 11న జిన్నా చనిపోయాడు. రెండు రోజులకు, 13వ తేదీన, భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. అహసన్ పుట్టిన ఊరు ఇండియన్ యూనియన్‌లో కలిసిపోయింది. ఆయన ఒంటిమీద మాత్రం మరో దేశపు యూనిఫారం. అట్లా రెండుగా చీలిన బతుకులు మన పాతబస్తీలో ఎన్నో ఉన్నాయి. కరాచీ నుంచి ఉత్తరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ముసలివాళ్ళను మా తరంవాళ్ళం చూశాం. అందుకే ఈ మనిషిని పరాయివాడని పూర్తిగా అనుకోలేకపోతున్నాను.

పాకిస్తాన్‌లో సైన్యమంటే పదాతి దళమే. అధికారమంతా వాళ్ళదే, డబ్బంతా వాళ్ళదే. నౌకాదళం ఎప్పుడూ చిన్న తమ్ముడు. ఆ తమ్ముడి ఇంట్లో మెట్టు మెట్టూ ఎక్కి, 1966 అక్టోబరులో అహసన్ ప్రధాన సేనాపతి అయ్యాడు. ఫ్రాన్సులో ఆ దేశం కట్టించుకున్న కొత్త డాఫ్నె తరగతి జలాంతర్గాములు ఆయన హయాంలోనే తయారవుతూ వచ్చాయి. ఆయన పదవి దిగాక, 1971 డిసెంబరు 9న, వాటిలో ఒకటైన హంగోర్ మన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీని ముంచింది. ఆ నౌకాదళానికే చెందిన పాత జలాంతర్గామి ఘాజీ ఆ నెల మొదట్లో మన విశాఖపట్నం దగ్గర సముద్రంలో పేలి, అందులోని వాళ్ళందరితో సహా మునిగిపోయింది. విశాఖ తీరానికి అంత దగ్గరగా వచ్చిన ఆ యుద్ధం ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలంటే, అహసన్ కూర్చున్న ఢాకా గవర్నమెంటు హౌసులోకి వెళ్ళాలి.

1969 మార్చి 25న అయూబ్ ఖాన్ గద్దె దిగాడు. పదేళ్ళు పైగా ఏలినవాణ్ణి విద్యార్థుల ఊరేగింపులే దింపాయి. అయితే అధికారం ప్రజల చేతికి రాలేదు. సైన్యాధిపతి యాహ్యాఖాన్ మార్షల్ లా పెట్టి తానే దేశాధినేత అయ్యాడు. తన కింద ముగ్గురు ఉప సైనిక పాలనాధికారుల్ని నియమించుకున్నాడు. నౌకాదళం తరఫున అహసన్ వాళ్ళలో ఒకడు. ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల వ్యవహారాలు ఆయనకు అప్పగించారు. ఓడలు నడిపిన మనిషి ఒక్కరోజులో దేశపు జమాఖర్చులు చూసే మనిషయ్యాడు. సైనిక పాలనలో అంతే కదా! భుజం మీద చుక్కలుంటే అన్ని శాస్త్రాలూ వచ్చినట్టే లెక్క. ఆ ఏడాది సెప్టెంబరు 1న ఆయన్ను తూర్పు పాకిస్తాన్‌కు గవర్నరుగా పంపారు.

అప్పటి పాకిస్తాన్ సంగతి నేటి విద్యార్థులకు కొంచెం చెప్పాలి. ఒకే దేశం, రెండు ముక్కలు. మధ్యలో వెయ్యి మైళ్ళ భారతదేశం. జనాభాలో సగానికి పైగా తూర్పున ఉన్న బెంగాలీలే. రాజధాని, సైన్యం, పెద్ద ఉద్యోగాలు పడమట. తూర్పున పండే జనుము అమ్మితే వచ్చే విదేశీ ద్రవ్యంలో పెద్ద భాగం పడమటనే ఖర్చవుతున్నదని బెంగాలీల ఫిర్యాదు. భాష సంగతి సరేసరి. ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అన్నందుకు 1952 ఫిబ్రవరి 21న ఢాకా విద్యార్థులు తుపాకి గుండ్లకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చారు. అదే ఏడాది డిసెంబరులో మన పొట్టి శ్రీరాములు గారు ప్రాణమిచ్చారు. భాష కోసం మనిషి ఎంతదాకా పోతాడో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 1966లో షేక్ ముజిబుర్ రహమాన్ ఆరు సూత్రాలు ప్రకటించాడు. కేంద్రానికి రక్షణ, విదేశీ వ్యవహారాలు మాత్రమే ఉండాలి, మిగిలినదంతా మాకు వదలండి అన్నది వాటి సారాంశం. అందుకు ఆయన్ను జైల్లో పెట్టారు. దేశద్రోహం కేసు కూడా పెట్టి, జనం తిరగబడితే 1969 ఫిబ్రవరిలో వదిలేశారు.

అట్లా నిప్పు మీద ఉన్న రాష్ట్రానికి గవర్నరుగా వెళ్ళాడు అహసన్. బెంగాలీ కాడు. ఎవరూ ఎన్నుకున్నవాడు కాడు. అక్కడ ఆయనది సగం అధికారమే. సివిల్ పాలన గవర్నరుది, సైన్యమూ మార్షల్ లా జనరల్ సాహెబ్‌జాదా యాకూబ్ ఖాన్‌ది. ఒకే బండికి ఇద్దరు తోలేవాళ్ళు. అయినా ఈ ఇద్దరికీ చాలా విషయాల్లో అభిప్రాయం కలిసింది. అహసన్ బెంగాలీ నాయకులతో తలుపులు మూసుకోలేదు. ముజిబ్‌తో మాట్లాడే దారి తెరిచి ఉంచాడు. గవర్నరు కనక ఢాకా విశ్వవిద్యాలయానికి ఛాన్సలరు కూడా ఆయనే. పడమటి పాకిస్తాన్‌లో చాలామందికి ఇది నచ్చలేదు. బెంగాలీల పట్ల మెత్తగా ఉన్నాడని గొణుక్కున్నారు. పాలకుడు ప్రజల మాట వింటే మెత్తనివాడని పేరు పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఇంతవరకూ చదివి ఆయన్ను దేవుణ్ణి చేసెయ్యకండి. 1970 నవంబరు 12 రాత్రి వచ్చిన తుపాను సంగతి కూడా చెప్పాలి. బంగాళాఖాతం నుంచి లేచిన ఉప్పెన భోలా, హతియా మొదలైన లంకల్ని ఊడ్చిపెట్టింది. చచ్చిపోయినవాళ్ళు మూడు లక్షలకు తక్కువ కాదు. ఐదు లక్షలన్న లెక్కలూ ఉన్నాయి. ప్రపంచ చరిత్రలో అంత ప్రాణనష్టం చేసిన తుపాను మరొకటి లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళకు, శవాల దిబ్బలు మోసిన మన వాలంటీర్లకు ఆ దృశ్యం వేరే వర్ణించి చెప్పక్కర్లేదు. అక్కడ సాయం ఆలస్యమయింది. హెలికాప్టర్లు చాలలేదు. యాహ్యాఖాన్ చైనా నుంచి వస్తూ ఢాకాలో దిగి, విమానంలోంచి చూసి వెళ్ళిపోయాడు. పత్రికలూ నాయకులూ ప్రభుత్వాన్ని దుమ్మెత్తి పోశారు. అప్పుడు గవర్నరుగా అహసన్ చేసిందేమిటి? సైన్యం చాలినంతగా కదలలేదన్న మాట నిజం కాదన్నాడు. కొన్ని మారుమూలలు తప్ప అన్ని చోట్లకూ సరుకులు చేరుతున్నాయన్నాడు. సర్కారీ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ చెప్పే మాటే ఆయనా చెప్పాడు. ఆకలితో ఉన్నవాడికి ఆ మాట ఎట్లా వినపడి ఉంటుందో ఆలోచించండి. నా లెక్కలో అహసన్ జీవితంలో ఇది మచ్చ. దీన్ని దాచి ఆయన మంచితనం చెప్పడం నాకిష్టం లేదు.

తుపాను పోయిన నెలలోపే, డిసెంబరు 7న, ఎన్నికలు జరిగాయి. పాకిస్తాన్ పుట్టాక వయోజన ఓటు మీద దేశమంతటా జరిగిన మొదటి సాధారణ ఎన్నికలవి. తుపాను దెబ్బ తిన్న నియోజకవర్గాల్లో జనవరిలో జరిపారు. మొత్తం 300 సీట్లలో తూర్పున ఉన్నవి 162. ముజిబ్ గారి అవామీ లీగ్ వాటిలో 160 గెలిచింది. పడమట భుట్టో పార్టీకి వచ్చినవి 81. ఆ ఎన్నికలు సక్రమంగా జరిగాయని పోటీ చేసినవాళ్ళే కాదు, లోకమంతా ఒప్పుకుంది. సైనిక పాలనలో గవర్నరు తలుచుకుంటే పెట్టెల్లో ఏమైనా చెయ్యవచ్చు. చెయ్యలేదు. ప్రజలు ఏమన్నారో అదే బయటికి వచ్చింది. అసలు చిక్కంతా అక్కడే మొదలయింది.

లెక్క ప్రకారం ముజిబ్ ప్రధానమంత్రి కావాలి. జనవరిలో ఢాకా వచ్చిన యాహ్యాఖాన్ కూడా ఆయన్ను కాబోయే ప్రధాని అనే అన్నాడు. జాతీయ అసెంబ్లీ మార్చి 3న ఢాకాలో సమావేశమవుతుందని ఫిబ్రవరి 13న ప్రకటన వచ్చింది. రెండు రోజులకే భుట్టో, తన పార్టీవాళ్ళు ఢాకా రారని అడ్డం తిరిగాడు. రావల్పిండిలో జనరల్స్ మనసు కూడా మారింది. బెంగాలీల చేతికి దేశాన్ని ఇచ్చేదేమిటన్న మాట బలపడింది. ఫిబ్రవరి 22న యాహ్యాఖాన్ గవర్నర్లనూ, సైనిక పాలనాధికారులనూ రావల్పిండికి పిలిపించాడు. అసెంబ్లీని వాయిదా వెయ్యాలి, తూర్పున గొడవ చేస్తే సైన్యంతో అణచాలి అన్న ధోరణిలో ఆ సమావేశం నడిచింది.

అక్కడ అహసన్ వద్దన్నాడు. వాయిదా వేస్తే బెంగాలీలు దాన్ని మోసంగానే తీసుకుంటారని, సైన్యాన్ని దింపితే దేశం నిలవదని చెప్పాడు. రాజధానిలో అందరి నోటా సైనిక చర్య మాటే వినిపించి తాను నిర్ఘాంతపోయానని ఆయన తర్వాతి రోజుల్లో గుర్తు చేసుకున్నాడు. ఆ గదిలో ఆయన మాట ఒంటరిదైపోయింది. నౌకాదళంలో ముప్పై ఏళ్ళు పైగా ఆజ్ఞ పాటించడమే నేర్చుకున్న మనిషి, తన పై అధికారి, దేశాధినేత, ప్రధాన సేనాపతి మూడూ అయిన మనిషి ముందు, తోటి జనరల్స్ అందరి ముందు వద్దనడం మాటలు కాదు. మన డిపార్టుమెంటు మీటింగుల్లోనే హెడ్డు గారికి ఎదురు చెప్పడానికి మనకెంత తంటాగా ఉంటుందో అందరికీ తెలుసు. ఇక తుపాకుల మధ్య సంగతి వేరే చెప్పాలా!

ఆయన మాట చెల్లలేదు. వాయిదా నిర్ణయాన్ని ముజిబ్‌కు ముందుగా చెప్పే పని కూడా ఆయన నెత్తినే పడింది. ఫిబ్రవరి 28న ఆయన్ను గవర్నమెంటు హౌసుకు పిలిపించి చెప్పాడు. ముజిబ్ మండిపడలేదు. వాయిదా వేస్తే వేశారు, కొత్త తేదీ ఒకటి వెంటనే ప్రకటించండి, లేకపోతే నా జనాన్ని నేను ఆపలేను అన్న అర్థంలో బతిమాలుకున్నాడు. న్యాయమైన కోరిక. ఆ సాయంత్రం నుంచి అహసన్, యాకూబ్ ఖాన్, గవర్నరు దగ్గర సివిల్ వ్యవహారాలు చూసే మేజర్ జనరల్ ఫర్మాన్ అలీ కలిసి కొత్త తేదీ కోసం ఒకటే ప్రయత్నం. టెలిఫోన్లు చేశారు, తంతులు పంపారు. ప్రకటనలో ఒక్క తేదీ చేర్చండి చాలునని అహసన్ వేడుకున్నాడు. ఒక్క తేదీ! కాగితం మీద రెండు అంకెలు, ఒక నెల పేరు. అవతలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మార్చి 1 మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రేడియోలో ప్రకటన చదివారు. అసెంబ్లీ వాయిదా. కొత్త తేదీ లేదు. ఢాకా స్టేడియంలో అప్పుడు క్రికెట్ మ్యాచి జరుగుతున్నది. ట్రాన్సిస్టర్లలో వార్త విన్న ప్రేక్షకులు లేచి రోడ్ల మీదికి వచ్చారు. ఆఫీసులు, కాలేజీలు, కోర్టులు ఖాళీ అయ్యాయి. చూస్తుండగానే నగరమంతా ఊరేగింపయింది. అహసన్ ఏమవుతుందని చెప్పాడో సరిగ్గా అదే అయింది. నిజం చెప్పినవాడికి ఆ రాత్రే బహుమతి కూడా ముట్టింది. గవర్నరు పదవి నుంచి ఆయన్ను తప్పించారు. బాధ్యత యాకూబ్ ఖాన్ కు అప్పగించారు.

ఆ తర్వాత సంగతులు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. మార్చి 2న ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలో విద్యార్థి సంఘం ఉపాధ్యక్షుడు ఎ.ఎస్.ఎం. అబ్దుర్ రబ్ బంగ్లాదేశ్ జెండా ఎగరేశాడు. ఒక దేశపు జెండాను మొదటిసారి ఎగరేసినది విద్యార్థి సంఘం నాయకుడన్న సంగతి ఈ సావనీరు చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి. మార్చి 5న యాకూబ్ ఖాన్ కూడా రాజీనామా చేశాడు. తూర్పున సైన్యంతో పరిష్కారం లేదన్నది ఆయన అభిప్రాయం కూడా. మార్చి 6న యాహ్యాఖాన్ మళ్ళీ రేడియోలోకి వచ్చి అసెంబ్లీకి కొత్త తేదీ ప్రకటించాడు. మార్చి 25 అన్నాడు. అహసన్ ప్రాధేయపడి అడిగిన తేదీ ఐదు రోజులు ఆలస్యంగా వచ్చిందన్నమాట. అప్పటికి దాని విలువ చిల్లిగవ్వ. 7వ తేదీన జనరల్ టిక్కాఖాన్ గవర్నరుగా దిగాడు. ఆయనతో ప్రమాణం చేయించడానికి ఢాకా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి బి.ఎ. సిద్దిఖీ ఒప్పుకోలేదు.

అసెంబ్లీ కూర్చోవలసిన ఆ మార్చి 25 రాత్రే సైన్యం ఢాకా మీద పడింది. మొదటి గురి పెట్టినవాటిలో విశ్వవిద్యాలయం ఒకటి. జగన్నాథ్ హాలు, ఇక్బాల్ హాలు అనే హాస్టళ్ళలో విద్యార్థుల్ని కాల్చి చంపారు. తత్వశాస్త్ర ఆచార్యుడు గోవిందచంద్ర దేవ్ ను ఇంట్లోనే చంపారు. ఆంగ్ల ఆచార్యుడు జ్యోతిర్మయ్ గుహఠాకుర్తా తుపాకి దెబ్బ తిని నాలుగైదు రోజులకు పోయాడు. నెల రోజుల క్రితం వరకూ అహసన్ ఛాన్సలరుగా ఉన్న విశ్వవిద్యాలయమది. హాస్టల్లో ఉండి చదువుకున్నవాణ్ణి నేను. ఆ రాత్రి గురించి చదివిన ప్రతిసారీ నాకు పుస్తకాలు, లాంతర్లు, తాడు మీద ఆరేసిన చొక్కాలు కళ్ళముందు కనిపిస్తాయి. ఇంకేమీ రాయబుద్ధి కాదు.

తొమ్మిది నెలలు గడిచాయి. కోటిమంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. డిసెంబరు 3న యుద్ధం మొదలై 16న ముగిసింది. 93 వేలమంది పాకిస్తానీలు బందీలయ్యారు. బంగ్లాదేశ్ నిలబడింది. దేశం నిలవదన్న అహసన్ మాట పది నెలలకే రుజువయింది. తర్వాత భుట్టో ప్రభుత్వం జస్టిస్ హమూదుర్ రహమాన్ అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. దాని నివేదికను దాచిపెట్టి, 2000 సంవత్సరంలో గాని ప్రజలకు చూపలేదు. దాన్ని చూడటానికి అహసన్ లేడు. ఆయన 1989లో పాకిస్తాన్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు నేను మొదట్లో దాటేసిన ప్రశ్నకు వస్తాను. ఈ మనిషి గొప్పవాడా, కాదా? ఈ పాఠం చెప్పినప్పుడు ఒకసారి మా క్లాసులో ఇద్దరు విద్యార్థులు పట్టు పట్టి వాదించుకున్నారు. ఒకాయన వాదన ఇట్లా ఉంది. ఆయన మార్షల్ లా మనిషే కదా సార్, ఓటు లేకుండా ఏడాదిన్నర ఏలాడు కదా, గదిలో వద్దన్నాడు గాని బయటికొచ్చి జనం ముందు ఎందుకు చెప్పలేదు, ఆ తొమ్మిది నెలలూ నోరెందుకు విప్పలేదు? ఇంకొకాయన వాదన ఇట్లా. ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా అనలేదు కదా, ఉద్యోగం పోతుందని తెలిసీ అన్నాడు కదా, ఇంకేం కావాలి?

నేను ఇద్దరికీ మార్కులు వేశాను. తప్పించుకున్నానని వాళ్ళు నవ్వారు. తప్పించుకోవడం కాదు, ఇద్దరి మాటా నిజమే. అహసన్ తన కుర్చీలో కూర్చుని చెయ్యగలిగిన మంచి పని చేశాడు. ఎన్నికలు సవ్యంగా జరగనిచ్చాడు, తలుపు తెరిచి ఉంచాడు, ప్రమాదం వచ్చినప్పుడు పైవాడికి నిజం చెప్పాడు. ఇవి చిన్న పనులు కావు. కానీ ఆయన చేసిన మంచి అంతా ఆయన కుర్చీకి కట్టి ఉంది. ఒక్క రాత్రిలో కుర్చీ లాగేస్తే ఆ మంచి కూడా దానితోనే పోయింది. ఏడున్నర కోట్ల బెంగాలీల భద్రత ఒక మంచి గవర్నరు ఉండటం మీద ఆధారపడి ఉంటే, అది భద్రతే కాదు. సైనిక పాలనలో ఉన్న అసలు లోపం ఇదే. అందులో మంచివాళ్ళు ఉండరని కాదు. ఉంటారు. వాళ్ళ మంచితనానికి వెనక నిలబడే చట్టం, అసెంబ్లీ, కోర్టు, పత్రిక ఏదీ ఉండదు. అడిగేవాడు లేనిచోట మంచివాడి మాట గాలిలో దీపం.

ఇంకొక్క మాట. అహసన్ అడిగింది పెద్ద విప్లవమేమీ కాదు. గెలిచినవాళ్ళను అసెంబ్లీలో కూర్చోనివ్వండి, కనీసం ఏ రోజు కూర్చుంటారో చెప్పండి అన్నాడు, అంతే. దాన్ని కాదన్నందుకు ఒక దేశం రెండయింది, లక్షల ప్రాణాలు పోయాయి. మనం కూడా ఈ క్యాంపస్‌లో ఏటేటా ఓటు అడుగుతాం, వేస్తాం, గెలుస్తాం, ఓడతాం. ఓడినప్పుడు లెక్క తప్పని కేకలు వేస్తాం. ఎన్నికలు వాయిదా పడితే, పోనీలే పరీక్షలున్నాయిగా అనుకుంటాం. ఓటు వేశాక దాని ఫలితాన్ని కుర్చీ మీద కూర్చోబెట్టేదాకా పని పూర్తి కాదని ఢాకా స్టేడియంలోంచి లేచి నడిచిన ఆ ప్రేక్షకులకు తెలుసు. యూనిఫారంలో ఉండి కూడా ఆ సంగతి తెలుసుకున్నవాడు అహసన్.

హైదరాబాదులో ఆయన పేరు మీద వీధి లేదు, ఉండాలని నేననను. పరాయి సైన్యపు సేనాపతికి మనం విగ్రహం పెట్టలేం. కాని ఎప్పుడైనా మీరు ఒక గదిలో కూర్చుని, అందరూ తల ఊపుతున్నప్పుడు, మీకొక్కరికే అది తప్పని తోస్తే, మన ఊరి నుంచి పోయిన ఈ మనిషిని ఒక్క క్షణం తలుచుకోండి. వద్దని చెప్పండి. చెప్పాక, ఆయన చెయ్యలేకపోయిన రెండో పని కూడా చెయ్యండి. గది తలుపు తెరిచి, బయట ఉన్నవాళ్ళకు కూడా చెప్పండి.